ఒక చుక్క తక్కువ

తలా ఐదు చుక్కలు.
ఆకుపచ్చవి, వేలిగోరంత,
వెనక జిగురున్నవి.
ఏడుగురు సభ్యులకు ముప్పై ఐదు
నేనే లెక్కపెట్టి కవర్లలో పెట్టాను.

గోడ మీద పదకొండు చార్టులు.
వచ్చే రెండేళ్లు ఊరు ఏ పని ముందు చెయ్యాలో
వాటిలోంచి ఐదు తేలాలి.
సైకిల్ దారులు. లైబ్రరీ పైకప్పు.
రేవు దగ్గర సీగల్ పక్షుల బెడద.
ఎండుటాకులు ఊదే యంత్రాల రొద మీద నిషేధం.
ఆరో చార్టు మీద, నా చేతిరాతే: ఇళ్లు.

సాక్రమెంటో నుంచి ఉత్తరం వచ్చి ఏడాది దాటింది.
మీ వాటా పదిహేడు వందల పద్నాలుగు ఇళ్లు,
ఎక్కడ కడతారో చూపించండి అని.
చూపించాం.
ఇల్లు కట్టి చూడమంటుంది లోకం,
మేం గీసి చూశాం.
మూతపడ్డ బౌలింగ్ హాలు మీద నూట తొంభై,
లూథరన్ చర్చి పార్కింగులో నలభై,
శ్మశానం ప్రహరీకీ హైవేకీ నడుమ
కుక్క కూడా పడుకోని ముక్కలో అరవై రెండు.
మ్యాపు మీద పసుపు రంగు చక్కగా పట్టింది.
ఆ హాలు అమ్ముతాడో లేదో ఓనర్ని అడిగామా అని
ప్లానింగ్ కుర్రాడు అన్సెల్మో ఒకసారి గొణిగాడు.
గొణుగుడు మినిట్స్‌లోకి ఎక్కదు.

ఊరివాళ్లకి మనిషికి మూడు నిమిషాలు.
పెన్‌హాలో గారు కొండ మీద నలభై ఏళ్ల కాపురం.
ఇళ్లకి తాను వ్యతిరేకం కాదన్నారు,
నీడలకి మాత్రమే నట.
మూడంతస్తుల నీడ డిసెంబర్లో
తన కూరగాయల మడి మీద ఎంతసేపు పడుతుందో
గ్రాఫు గీసి తెచ్చారు.
చప్పట్లు.

తర్వాత ఒరాలియా, బడి బస్సు డ్రైవరు.
"మీ పిల్లల్ని పొద్దున్న ఆరున్నరకి ఎక్కించుకుంటాను.
రాత్రి నా వ్యాను ఎక్కడ ఆపుకోవాలో
మీ బోర్డులు వీధికో మాట చెబుతున్నాయి."
అంతే, కూర్చుంది.
ఇంకా రెండు నిమిషాల పది సెకన్లున్నాయి.
వాడుకోమని మేయర్ అన్నారు.
ఆమె తల అడ్డంగా ఊపింది.
ఎవరూ మాట్లాడని ఆ కాసేపూ
గడియారం తన పని తాను చేసుకుపోయింది.

ఇక చుక్కల వేళ.
పెద్దమనుషులు లేచి గోడ దగ్గర
బొమ్మల పుస్తకం దొరికిన పిల్లల్లా మూగారు.
లిండ్‌క్విస్ట్ గారు ఆరో చార్టు ముందు ఆగి
చెయ్యి వెనక్కి తీసుకున్నారు.
"ఇది ఎలాగూ చట్టం చెయ్యమన్నదే,
దీనికి చుక్క దండగ."
నిజమే, అన్నారు పక్కనున్నాయన.
ఆయన చుక్క సీగల్ పక్షులకి పోయింది.

లెక్క తేలలేదు.
నాలుగు పనులు గెలిచాయి, ఐదో చోటికి
ఇళ్లకి మూడు, యంత్రాల రొదకి మూడు.
గోడ మీద మొత్తం ముప్పై నాలుగు.
ఏడుగురూ అరచేతులు విప్పి చూపించారు,
అన్నీ ఖాళీ.
వాయిదా.

చివరి బస్సు పది నలభైకి.
తొమ్మిదేళ్లుగా ఈ ఊరి మాటలు రాస్తున్నాను,
ఈ ఊళ్లో నా జీతానికి గది లేదు.
మా ఊరికి గంటా ముప్పావు.
కాలు మీద కాలు వేసుకుంటే కనబడింది,
చెప్పు అడుగున, దుమ్ముతో, ఎవరిదో వెంట్రుకతో,
ఆకుపచ్చగా.

ఏ చార్టు మీంచి రాలిందో.
అసలు ఎవరైనా అంటించారో లేదో.
గోరుతో ఒలిచి బొటనవేలి మీద పెట్టుకున్నాను.

బస్సు బౌలింగ్ హాలు ముందు ఆగింది.
నూట తొంభై ఇళ్లకీ కలిపి
ఒక్క దీపం.
తువ్వాలు కట్టిన వ్యాను కిటికీలో.

రేపు మినిట్స్ రాయాలి.
హాజరు ఏడుగురు. చుక్కలు ముప్పై నాలుగు, అని రాయాలి.
వేలు తిప్పి చూశాను.
జిగురు ఇంకా ఉంది.
దేనికైనా అంటుతుంది.